డాన్ నది గట్టున 14 మంది

1965 జులై 2, శుక్రవారం. ఉత్తర కరోలినా రాష్ట్రంలో డ్రేపర్ అనే మిల్లు ఊరు. మీరు డాన్ నది గట్టున, డ్యూక్ పవర్ కంపెనీ థర్మల్ కేంద్రం ముందు నిలబడి ఉన్నారు. పక్కనే బొగ్గు గుట్ట. కొత్తగూడెంలోనో రామగుండంలోనో బతికినవాళ్లకు ఈ గాలి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ముక్కులో బూడిద, కాలరు మీద నలుపు, చెవుల్లో టర్బైన్ల హోరు.

లోపలికి రండి. వ్యాగన్ల నుంచి బొగ్గు దింపి, తూచి, నలగ్గొట్టి బెల్టుకెక్కించేవాళ్లది కోల్ హ్యాండ్లింగ్ విభాగం. బాయిలర్లూ టర్బైన్లూ నడిపేవాళ్లది ఆపరేషన్స్. మరమ్మతులు చేసేవాళ్లది మెయింటెనెన్స్. నీళ్లనీ బొగ్గునీ పరీక్షించేవాళ్లది లేబొరేటరీ. ఈ నాలుగు విభాగాల్లో ఎటు తిరిగినా తెల్లవాళ్లే కనిపిస్తారు. అయిదోది లేబర్ డిపార్ట్‌మెంట్. వీళ్ల చేతుల్లో చీపుర్లు, బకెట్లు, తుడుపుగుడ్డలు. ఈ కేంద్రంలో పనిచేసే 95 మందిలో నల్లవాళ్లు 14 మంది. ఆ 14 మందీ ఈ అయిదో విభాగంలోనే ఉన్నారు.

వాళ్ల జీతం సంగతి కూడా వినండి. లేబర్‌లో ఎంత సర్వీసున్నా గంటకి 1 డాలరు 56న్నర సెంట్లు దాటదు. మిగతా నాలుగు విభాగాల్లో నిన్న చేరిన కుర్రాడికైనా 1 డాలరు 70న్నర సెంట్లకు తక్కువ లేదు. చీపురు పట్టి తల నెరిసిన మనిషి ఎక్కగలిగిన ఆఖరి మెట్టు, పక్క గదిలో వేరేవాళ్లు కాలు పెట్టే మొదటి మెట్టు కంటే కిందే ఉంది. ఇది అనుకోకుండా జరిగింది కాదు. నల్లవాళ్లను లేబర్‌లోకి తప్ప ఇంకెక్కడికీ తీసుకోకూడదన్నది కంపెనీ బాహాటంగా పాటించిన పద్ధతి.

నిన్నటిదాకా.

ఈ రోజుకు సరిగ్గా ఏడాది క్రితం అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో ఏడో భాగం ఉద్యోగాల గురించి. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం, ఈ అయిదింటిలో దేన్ని చూసీ ఉద్యోగం ఇవ్వననో, ప్రమోషన్ ఇవ్వననో, తక్కువ జీతం ఇస్తాననో యజమాని అనకూడదు. సర్దుకోవడానికి యజమానులకు ఒక ఏడాది గడువిచ్చారు. ఆ గడువు తీరి, ఈ తెల్లవారి నుంచే చట్టం అమల్లోకి వచ్చింది.

అదే రోజు డ్యూక్ పవర్ ఒక కొత్త నియమం పెట్టింది. లేబర్ తప్ప మిగతా విభాగాల్లో కొత్తగా ఎవరు చేరాలన్నా రెండు పరీక్షలు పాసవ్వాలి. పైగా హైస్కూల్ పట్టా ఉండాలి. పట్టా నియమం 1955 నుంచే ఉంది. నియమంలో ఎక్కడా నలుపన్న మాట లేదు, తెలుపన్న మాట లేదు. అందరికీ ఒకటే నియమం. ఎవరు వెళ్లి అడిగినా మేనేజరు నెమ్మదిగా, మర్యాదగానే చెప్పగలడు: పట్టా ఉందా? పరీక్ష రాశావా?

నాకు ఈ ఉదయం మీద ఉన్న ఆసక్తంతా ఇక్కడే ఉంది. ముఖం మీద తలుపు వేసిన మనిషిని నిలదీయొచ్చు. తలుపు తెరిచే ఉంది, నీకే లోపలికి రావడం చేతకాలేదు అనే మనిషిని ఏమని నిలదీస్తాం? పని చేసే చోట వివక్ష మీద ఈ 60 ఏళ్లలో జరిగిన పోరాటంలో పెద్ద భాగం ఈ రెండో మనిషితోనే.

కుర్చీ లాక్కుని కూర్చోండి. ఆ పరీక్ష మీరే రాద్దురు గాని. మొదటి కాగితం వండర్లిక్ పరీక్ష. 50 ప్రశ్నలు, 12 నిమిషాలు. అంటే ప్రశ్నకి పావు నిమిషం కూడా లేదు. మాటల అర్థాలు, లెక్కలు, వరసలో తర్వాత వచ్చే అంకె. రెండోది బెన్నెట్ పరీక్ష. కప్పీలు, పళ్లచక్రాలు, మీటల బొమ్మలు చూపించి ఏది ఎటు తిరుగుతుందని అడుగుతారు. పాసు మార్కు ఎక్కడ పెట్టారో తెలుసా? దేశం మొత్తంలో హైస్కూల్ పూర్తి చేసినవాళ్లు తెచ్చుకునే మార్కులను వరసగా పేరిస్తే సరిగ్గా నడిమధ్యన. పట్టా చేతిలో ఉన్నవాళ్లలో కూడా సగం మంది తప్పుతారన్నమాట. ఇదంతా బొగ్గు తూచే ఉద్యోగానికి.

ఇప్పుడు తలెత్తి మిగతా నాలుగు విభాగాల వైపు చూడండి. 1955కు ముందు చేరిన తెల్లవాళ్లలో హైస్కూల్ దాటనివాళ్లున్నారు. వాళ్లు ఏ పరీక్షా రాయలేదు. బెల్టులు నడుపుతున్నారు, బాయిలర్లు చూసుకుంటున్నారు, ప్రమోషన్లు తెచ్చుకుంటున్నారు, పనిలో వంక పెట్టడానికి లేదు. పట్టా లేకుండానే ఈ పని చక్కగా చేయొచ్చనడానికి సాక్ష్యం అదే కప్పు కింద, రోజూ షిఫ్టుకొస్తూ కళ్ల ముందు తిరుగుతోంది.

రెండు నెలలు గడిచాయి. సెప్టెంబరులో నియమానికి ఒక సడలింపు వచ్చింది. పట్టా లేని పాత ఉద్యోగులు కూడా ఆ రెండు పరీక్షలూ పాసైతే లేబర్ నుంచో కోల్ హ్యాండ్లింగ్ నుంచో పైకి వెళ్లొచ్చు. ఇది 14 మంది మీద జాలితో వచ్చింది కాదు. కోల్ హ్యాండ్లింగ్‌లో పట్టా లేక ఇరుక్కుపోయిన తెల్లవాళ్లు అడిగితే వచ్చింది. చదువుకుంటామన్నవాళ్లకు హైస్కూల్ ఫీజులో మూడింట రెండు వంతులు కంపెనీ కడుతుంది కూడా. ఈ సంగతి దాచకూడదు, కోర్టులో కంపెనీకి బాగా పనికొచ్చింది.

మరి ఆ 14 మందిలో చాలామందికి పట్టా ఎందుకు లేదు? జవాబు ప్లాంటులో దొరకదు, ఊళ్లో బళ్ల దగ్గర దొరుకుతుంది. వాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు ఉత్తర కరోలినాలో తెల్లపిల్లల బడి వేరు, నల్లపిల్లల బడి వేరు. పేరుకి సమానం. 1960 జనాభా లెక్కలు తీస్తే ఆ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తి చేసిన తెల్ల మగవాళ్లు నూటికి 34 మంది, నల్ల మగవాళ్లు 12 మంది. పరీక్షల సంగతి ఇంకా ఘోరం. ఇవే రెండు పరీక్షలు ఉన్న ఒక పరీక్షల వరసను వాడిన సందర్భంలో తెల్లవాళ్లు నూటికి 58 మంది పాసైతే నల్లవాళ్లు ఆరుగురు పాసయ్యారు. ప్రభుత్వమే బడి దగ్గర వేరు చేసి చదువు కుదించింది. అదే మనిషి పాతికేళ్ల తర్వాత గేటు దగ్గరికొస్తే కంపెనీ అడిగింది: చదువేది?

1966 మార్చి. షిఫ్టు దిగి చేతులు కడుక్కుని, వాళ్లు ఒక నిర్ణయానికొచ్చారు. ఫిర్యాదు పెడదాం. సమాన ఉద్యోగావకాశాల కమిషన్ అని వాషింగ్టన్‌లో ఒక కొత్త ఆఫీసు వెలిసింది, ఇంకా ఏడాది నిండలేదు. ఫిర్యాదు పెట్టాక మళ్లీ తెల్లవారి ఇదే గేటులోంచి రావాలి, ఇదే ఫోర్‌మన్‌కి నమస్కారం పెట్టాలి, ఇదే నేల తుడవాలి. ఊరు చిన్నది, ఇంకో కొలువు దొరకదు. కోర్టు కాగితాల్లో ఇదంతా ఒక్క తేదీగా మిగిలింది. ఆ తేదీ వెనక ఎన్ని ఇళ్లలో ఎన్ని రాత్రులు గుసగుసగా మాటలు నడిచి ఉంటాయో పని పోతుందన్న భయం ఎరిగినవాళ్లకే తెలుస్తుంది.

అయిదు నెలల తర్వాత, ఆగస్టులో, ఈ కేంద్రం చరిత్రలో మొదటిసారి ఒక నల్లజాతి కార్మికుడు లేబర్ దాటి కోల్ హ్యాండ్లింగ్‌లోకి అడుగుపెట్టాడు. ఆయనకు హైస్కూల్ పట్టా ఉంది. లేబర్‌లో 1953లో చేరాడు. పట్టా ఉన్న మనిషి చేత కంపెనీ 13 ఏళ్లు చీపురు పట్టించింది! చదువు లేదన్నదే అడ్డయితే ఈయనకు అడ్డమేమిటి? ఫిర్యాదు పడ్డాకే ఆ పట్టా వాళ్ల కంటికి ఆనింది.

కమిషన్ రాజీకి ప్రయత్నించింది, కుదరలేదు. అక్టోబరులో ఫెడరల్ కోర్టులో దావా పడింది. 14 మందిలో 13 మంది వాదులు. కాగితం మీద మొదటి పేరు విల్లీ గ్రిగ్స్. అందుకే ఇది చట్టం పుస్తకాల్లో గ్రిగ్స్ కేసు అయింది.

వీళ్ల తరఫున నిలబడిన లాయర్లలో ఒకాయన గురించి ఇక్కడ చెప్పి తీరాలి. షార్లెట్‌లో ప్రాక్టీసు చేసే జూలియస్ చేంబర్స్. నల్లజాతివాడు, అప్పటికి 30 ఏళ్లు. 1965 నవంబరులో ఆయన ఇంటి మీద బాంబు పడింది. ఇంకో అయిదేళ్లకు, ఈ కేసు తీర్పు రావడానికి నెల ముందు, ఆయన ఆఫీసు తగలబెట్టారు. ఆయన ప్రాక్టీసు ఆపలేదు. కేసును మోసిన మరో లాయరు రాబర్ట్ బెల్టన్, ఆయనదీ ఈ రాష్ట్రమే. ఇద్దరి వెనకా న్యూయార్క్‌లోని ఎన్‌ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్ అనే పౌరహక్కుల న్యాయ సంస్థ ఉంది.

కింది కోర్టులో వీళ్లు ఓడిపోయారు. 1968లో జిల్లా జడ్జి అన్నది క్లుప్తంగా ఇదీ: కంపెనీ వెనకటికి వివక్ష చూపించింది, నిజమే. అది చట్టం రాకముందు. చట్టం ముందుకే చూస్తుంది, వెనక్కి చూడదు. ఇప్పటి నియమాలు అందరికీ ఒకటే, దురుద్దేశం కనిపించడం లేదు. 1970 జనవరిలో రిచ్‌మండ్‌లోని అప్పీలు కోర్టు సగం మనసుతో తీర్పిచ్చింది. పట్టా నియమం పుట్టకముందు చేరిన ఆరుగురికి మాత్రం ఊరట. తర్వాత చేరి పట్టా లేని నలుగురికి ఏమీ లేదు. ఆ బెంచి మీద సైమన్ సోబెలాఫ్ అనే జడ్జి ఒప్పుకోలేదు. కంపెనీ మనసులో ఏముందని కాదు, నియమం ఏం చేస్తోందని చూడాలన్నాడు. ఒంటరి అభిప్రాయమే, కానీ పైకోర్టుకు దారి చూపించింది అదే.

1970 డిసెంబరు 14, వాషింగ్టన్. సుప్రీంకోర్టు హాలు. ఎత్తైన పాలరాతి స్తంభాలు, వాటి మధ్య బరువైన ఎర్ర తెరలు. తొమ్మిది కుర్చీల్లో ఈ కేసు వింటున్నది ఎనిమిది మంది, జస్టిస్ బ్రెనన్ పక్కకు తప్పుకున్నాడు. మధ్యలో చీఫ్ జస్టిస్ వారెన్ బర్గర్. నిక్సన్ నియమించిన మనిషి, ఉదారవాది అని ఎవరూ అనరు. కార్మికుల తరఫున లాయరు జాక్ గ్రీన్‌బర్గ్ లేచాడు. కంపెనీ తరఫున జార్జ్ ఫెర్గూసన్.

మీరు వెనక బెంచీలో కూర్చుని వినండి. కంపెనీ వాదన పనికిమాలిన వాదనేమీ కాదు. నిపుణులు తయారుచేసిన సామర్థ్య పరీక్షలు పెట్టుకోవచ్చని చట్టంలోనే రాసి ఉంది, మేం అదే చేశాం అంటారు. చదువుకున్న సిబ్బంది కావాలనుకోవడం తప్పా అంటారు. ఫీజులు కూడా కడుతున్నాం కదా అంటారు. అన్నీ సబబుగానే వినిపిస్తాయి. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నేల జారిపోతుంది: ఈ పట్టాకీ, ఈ పరీక్షకీ, ఆ పనికీ సంబంధమేమిటి? కంపెనీ ఉపాధ్యక్షుడే సాక్ష్యంలో చెప్పాడు, మొత్తం మీద సిబ్బంది నాణ్యత పెరుగుతుందని అనుకుని పెట్టామని. అనుకున్నారు, అంతే. పట్టా ఉన్నవాడు బాయిలరు బాగా నడుపుతాడో లేదో ఎవరూ పరిశీలించలేదు.

1971 మార్చి 8న తీర్పు వచ్చింది. ఎనిమిది మందిదీ ఒకే మాట. రాసింది బర్గరే.

మనం చిన్నప్పుడు చదువుకున్న నక్క, కొంగల విందు కథ గుర్తుందా? నక్క పళ్లెంలో పోస్తే కొంగ తాగలేకపోయింది, కొంగ కూజాలో పోస్తే నక్క నాలుక అందలేదు. ఆ కథే బర్గర్ తీర్పులోకి తెచ్చాడు. కొంగకీ నక్కకీ పాలు పోశాం, ఇద్దరికీ సమానమే అనుకుంటే చాలదు, గిన్నె ఇద్దరూ తాగగలిగేదై ఉండాలని ఈ చట్టం కోరుతోందన్నాడు. పైకి న్యాయంగా కనిపిస్తూ అమల్లో వివక్ష చేసే నియమం కూడా నిషిద్ధమే. యజమాని ఉద్దేశం మంచిదైనా సరే. నియమం ఒక వర్గాన్ని పెద్ద ఎత్తున గాలించి పారేస్తోందంటే, అది ఆ పనికి నిజంగా అవసరమని చూపించాల్సిన భారం యజమానిది. చూపించలేకపోతే నియమం పోవాలి.

బర్గర్ పరీక్షలు వద్దనలేదు. ప్రతిభ వద్దని అంతకన్నా అనలేదు. చదువు రాకపోయినా కొలువివ్వండని చెప్పలేదు. కొలిస్తే మనిషిని పనికి తగ్గట్టు కొలవండి, మనిషిని విడిగా గాల్లో నిలబెట్టి కొలవకండి అన్నాడు. ఈ తీర్పును ప్రతిభకు శత్రువుగా చూపించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు తీర్పు చదవలేదనే నేననుకుంటాను. ఎందుకంటే డాన్ నది గట్టున ప్రతిభను అడ్డుకున్నది ఎవరు? పట్టా చేతిలో ఉన్న మనిషి చేత 13 ఏళ్లు నేల తుడిపించింది ఎవరు?

ఈ ఆలోచన డ్రేపర్ నుంచి చాలా దూరం ప్రయాణం చేసింది. 1975లో బ్రిటన్ స్త్రీల మీద వివక్షకు వ్యతిరేకంగా చట్టం చేసినప్పుడు పరోక్ష వివక్ష అన్న భావాన్ని ఇక్కడి నుంచే తీసుకుంది. అమెరికాలో మాత్రం వెనక్కి లాగినవాళ్లూ ఉన్నారు. 1989లో సుప్రీంకోర్టే వార్డ్స్ కోవ్ కేసులో యజమాని భారాన్ని బాగా తేలిక చేసింది. రెండేళ్లకు, 1991లో, కాంగ్రెస్ కొత్త పౌరహక్కుల చట్టం తెచ్చి గ్రిగ్స్ సూత్రాన్ని నేరుగా చట్టంలోనే రాసేసింది. 2025 ఏప్రిల్లో అధ్యక్షుడు ట్రంప్ ఈ సూత్రం కింద కేసులు వెంటపడి నడపొద్దని ప్రభుత్వ శాఖలకు ఆదేశం ఇచ్చాడు. ప్రభుత్వం చేతులు ముడుచుకోవచ్చు. చట్టం వాక్యం ఇంకా పుస్తకంలోనే ఉంది, ఉద్యోగి తనంతట తాను కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదు.

ఇది మనవాళ్లకు సంబంధం లేని సంగతి కాదు. ఇప్పుడు అదే ఉత్తర కరోలినాలో షార్లెట్, ర్యాలీ, కేరీ ఊళ్లలో ఆఫీసు క్యాంటీన్లలో తెలుగు వినిపిస్తుంది. కాఫీ మెషీను పక్క గోడ మీద ఒక పోస్టరు అంటించి ఉంటుంది. మీ హక్కులు తెలుసుకోండి, పనిచోట వివక్ష చట్టవిరుద్ధం అని. రోజూ కప్పు పట్టుకుని దాని ముందు నిలబడతారు, చదివేవాళ్లు తక్కువ. ఒక్కసారి ఆగి చదవండి. 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఆ చట్టం వర్తిస్తుంది. పుట్టిన దేశాన్ని బట్టి తక్కువ చూసినా, మతాన్ని బట్టి చూసినా, గర్భవతి అని పక్కన పెట్టినా ఫిర్యాదు చేయొచ్చు. అమెరికా పౌరుడే కానక్కర్లేదు, వీసా మీద పనిచేసే మనిషికీ ఆ రక్షణ ఉంది. ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకుంటే అది విడిగా మరో చట్ట ఉల్లంఘన. కానీ గడువు చిన్నది. జరిగిన 180 రోజుల్లోపు కమిషన్‌కి చేరాలి, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు. చూద్దాం, సర్దుకుంటుందేమో అని పండగలు దాటించేవాళ్లు హక్కును అలా జారవిడుచుకుంటారు. తేదీలు రాసి పెట్టుకోవడం, ఈమెయిళ్లు దాచుకోవడం లాయరు చెప్పేదాకా ఆగాల్సిన పనులు కావు.

ఇక ఢిల్లీ రండి. 2021 మార్చి 25. మన సుప్రీంకోర్టు. సైన్యంలో షార్ట్ సర్వీసులో చేరిన మహిళా అధికారుల కేసు, లెఫ్టినెంట్ కల్నల్ నితీశ పేరు మీద నడిచింది. అంతకు ముందటేడు, 2020 ఫిబ్రవరిలో, బబితా పునియా కేసులో ఇదే కోర్టు మహిళలకూ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా సైన్యంలో కొనసాగే హోదా, ఇవ్వాలని తేల్చింది. సైన్యం సరేనంది. ఎంపిక బోర్డు పెట్టింది. మగవాళ్లకున్న ప్రమాణాలే పెట్టాం అంది.

ఆ అధికారుల వరసలో మీరూ నిలబడండి. మీ పక్కనున్నామెకు 40 దాటాయి. ఇరవై ఏళ్లకు దగ్గరగా సర్వీసు, సరిహద్దు పోస్టింగులు, కాన్పులు అన్నీ అయ్యాయి. ఆమెను షేప్-1 అనే అత్యున్నత ఆరోగ్య స్థాయిలో ఉన్నావా అని అడుగుతున్నారు. మగ అధికారులను ఆ ప్రశ్న అడిగింది సర్వీసులో అయిదో ఏటో పదో ఏటో, పాతిక ముప్పై ఏళ్ల వయసులో. పర్మనెంట్ అయ్యాక వాళ్లు ఆ స్థాయిలోనే ఉండాలని లేదు. ఈమెను అప్పట్లో అడగలేదు, ఎందుకంటే అప్పట్లో ఈమెకు ఆ అవకాశమే లేదు. ఏటేటా రాసే రహస్య నివేదికల సంగతీ అంతే. ఎలాగూ పర్మనెంట్ కాదులే అని తెలిసి రాసిన మార్కులు ఇప్పుడు పర్మనెంట్ చేయాలా వద్దా అని తేల్చడానికి బల్ల మీదికొచ్చాయి.

ప్రమాణం ఒకటే. కొలిచిన కాలం వేరు. జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ ఎంఆర్ షా కూర్చున్న ఆ బెంచి దీన్ని పరోక్ష వివక్ష అంది. మన సుప్రీంకోర్టు ఆ భావాన్ని అంత విస్తారంగా విడమరిచి చెప్పిన తీర్పు ఇది. చెబుతూ ఎక్కడెక్కడి దేశాల అనుభవాన్నో తిరగేసింది, అందులో గ్రిగ్స్ కూడా ఉంది. నల్లకార్మికులు తెచ్చుకున్న తీర్పు 50 ఏళ్ల తర్వాత మన ఆడపడుచుల చేతికి అందింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను.

సంతోషం ఎంతవరకు? సైన్యం ప్రభుత్వానిది కాబట్టి రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణాలు దాన్ని కట్టేస్తాయి. ప్రైవేటు కంపెనీని అవి అలా కట్టేయవు. అక్కడ ఏముందో చూడాలంటే మీరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో దేంట్లోకైనా ప్లేస్‌మెంట్ల కాలంలో వెళ్లండి. నోటీసు బోర్డు ముందు పిల్లలు గుమిగూడి ఉంటారు. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం. బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. చదువు మధ్యలో ఏడాదికి మించి గ్యాప్ ఉండకూడదు. జాబితాలో పేరు లేనివాళ్లు మాట్లాడకుండా వెనక్కి జరుగుతారు. ఊళ్లో జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం అర్థమయ్యేసరికి మొదటేడు గడిచిపోయిన కుర్రాడున్నాడు. బీటెక్‌లో 80 శాతం తెచ్చుకుని, కోడింగు రాత్రీ పగలూ నేర్చుకున్నాడు. ఇంటర్ 58 దగ్గర ఆగింది. నాన్న పోయిన ఏడాది చదువు మానేసి పనికి వెళ్లిన అమ్మాయి ఉంది. ఆమెకు గ్యాప్ ఉంది. ఈ గీత కింద మిగిలిపోయేవాళ్లలో ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు, దళిత, గిరిజన, వెనకబడిన కులాల పిల్లలు ఎంత మందో లెక్కగట్టి చూపించమని ఏ కంపెనీనీ చట్టం అడగదు. ఇంటర్ మార్కు 58 అయితే ప్రోగ్రామింగు చెడుతుందని ఏ పరిశీలనలో తేలిందనీ అడగదు.

పేరు చూసి పక్కన పెట్టడం కూడా మన దగ్గర ఊహ కాదు. పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ కలిసి పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపించారు. 2007లో ఫలితాలు అచ్చేశారు. పైకులపు హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ముస్లిం పేరున్నదానికి మూడింట ఒక వంతు. ఇది మూసిన తలుపు. నోటీసు బోర్డు మీదున్నది తెరిచి ఉన్నట్టు కనిపించే తలుపు. రెంటికీ మన దగ్గర తాళంచెవి లేదు.

ఏమీ లేదని కాదు. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ జీతం ఇవ్వకూడదని 1976 సమాన వేతన చట్టం ప్రైవేటుకూ చెప్పింది, 2019 వేతనాల కోడ్ దాన్ని తనలోకి తీసుకుంది. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసేయకూడదని చట్టముంది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టముంది. వికలాంగుల హక్కులకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వేరువేరు చట్టాలున్నాయి. ఒక్కొక్కటీ పోరాడి తెచ్చుకున్నదే. కానీ కులం, మతం, భాష, ప్రాంతం చూసి ప్రైవేటు ఉద్యోగంలో చేసే వివక్షను, అందులోనూ నియమం చాటున జరిగే వివక్షను మొత్తంగా పట్టుకునే చట్టం దేశంలో లేదు.

తెచ్చే ప్రయత్నం జరగకపోలేదు. 2017 మార్చిలో లోక్‌సభలో శశి థరూర్ వివక్ష నిరోధం, సమానత్వం మీద ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. ప్రత్యక్ష వివక్షతో పాటు పరోక్ష వివక్ష కూడా అందులో ఉంది. ప్రైవేటు యజమానులూ దాని కిందికి వచ్చేవాళ్లే. ఆ బిల్లు చట్టం కాకుండానే 2019లో ఆ లోక్‌సభతో పాటు ముగిసిపోయింది. దాన్ని మళ్లీ తేవాలి. ఈసారి ప్రభుత్వమే తేవాలి. ఇంటర్‌లో 58 వచ్చిన ఆ కుర్రాడి తరఫున కంపెనీని ఎందుకని అడిగే అధికారం ఉన్న ఒక ఆఫీసు, జిల్లాకొకటి కాకపోయినా రాష్ట్రానికొకటైనా, ఉండాలి.